గట్టు మీద పుట్ట

"మమ్మీ, వో బాంధ్‌వాలే దాదా నహీ రహే" అంది మా అమ్మాయి, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే. మేం ఇదివరకు ఉన్న బస్తీలో దాని స్నేహితురాలు ఇంకా ఉంది, ఆ పిల్ల పంపిన కబురు. నేను చపాతీపిండి కలుపుతున్నాను. "ఎవరు పోయారే?" అన్నాను, అర్థమై కూడా. "అరే వహీ, జో నంగే పావ్ ఘూమ్‌తే థే" అనేసి పుస్తకాల దగ్గరికి వెళ్లిపోయింది.

దానికి ఆయన అంతే, చెప్పుల్లేకుండా తిరిగే ఒక ముసలాయన. ఆయన దాని తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేసిన రోజున దానికి ఆరేళ్లు నిండలేదు. ఆ ఒట్టు వేయించింది నేను. ఆ సంగతి ఇన్నేళ్లలో ఎవరితోనూ అనలేదు, కట్టుకున్నవాడితో కూడా. పిండిగిన్నె పక్కన పెట్టి ఏడ్చాను. ఏడవడానికి నీకేం హక్కుందే అని నన్ను నేను తిట్టుకుంటూనే ఏడ్చాను.

ఆయనకి ఒక పేరు ఉంది. ఆ పేరుతో ఎవరూ పిలవగా వినలేదు కాబట్టి ఇక్కడా రాయను. మనవాళ్లు గట్టాయన అనేవారు, హిందీవాళ్లు బాంధ్‌వాలే దాదా అనేవారు. మా మామగారికి ఊరి వరసలో తమ్ముడవుతాడని నేను "మావా" అనేదాన్ని. ఆయన నన్ను "కోడలా" అనేవాడు.

గట్టంటే మరీ పెద్దది ఊహించుకోకండి. టాటానగర్ పక్కన పారే ఖర్కాయి నదిలో కలిసే నాలా ఒకటుంది, దాని పక్కన పల్లంలో మా బస్తీ. మామూలు రోజుల్లో నాలా నీళ్లు బుద్ధిగా నదిలోకి పోతాయి. వానాకాలం నది నిండుగా ఉంటే వాటికి పోయే దారి ఉండదు, వెనక్కి తన్నుతాయి. పైన ఎక్కడో డ్యాము గేట్లు ఎత్తితే మరీను. అందుకని నాలాకీ బస్తీకీ మధ్య మట్టితో వేసిన అడ్డుకట్ట అది. మా వీధి చివర మొదలై పాత పంపుహౌసు దగ్గర ఆగిపోతుంది. మనిషి నిలబడి చెయ్యెత్తితే ఎంతో అంత ఎత్తు. మధ్యలో ఒక తూము, తూముకి చెక్కమూత. శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు ప్లాంటు పనికి వచ్చిన మొదటి తరం వాళ్లు డ్యూటీ దిగాక తట్టలతో మట్టి మోసి దాన్ని వేసుకున్నారు. వాళ్లలో మిగిలింది ఆయనొక్కడే. తూము మూత ఎప్పుడు దించాలో, ఎప్పుడు ఎత్తాలో ఆయనకే తెలుసు. ఎవరూ ఆ పని ఆయనకి అప్పజెప్పలేదు, ఎవరూ వద్దనీ అనలేదు.

నేను టాటానగర్ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగినదాన్ని. మట్టి అంటే పూలకుండీలో ఉండేదే నాకు తెలుసు. పెళ్లయి బస్తీకి వచ్చిన మొదటి వానాకాలంలో, ఒక పొట్టి మనిషి పంచె ఎగ్గట్టి నాలాలో నడుములోతు నీళ్లలో దిగి, సంచిలోంచి ఊక తీసి గట్టుకి ఆనించి చల్లుతున్నాడు. చల్లి, గబగబా గట్టెక్కి, ఇవతల దిగి, గొంతుక్కూర్చుని నేలకేసి చూస్తున్నాడు. ఏదో చేతబడి అనుకుని నేను లోపలికి పరిగెత్తాను. మా అత్తగారు పడీపడీ నవ్వింది.

"సేతబడీ కాదు, ఏటీ కాదే. అటుపక్క ఏసిన ఊక ఇటుపక్క తేలితే గట్టుకి బొక్కున్నట్టు. ఆడికి అదే పిచ్చి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి."

ఆ పిచ్చి రోజుకి రెండు పూటలు. పొద్దున్నా సాయంత్రమూ ఈ చివర నుంచి ఆ చివరకి, చేతిలో సన్నటి ఇనుప చువ్వతో నడిచేవాడు. కన్నం కనిపిస్తే చువ్వ పెట్టి లోతు చూసేవాడు. ఎలుకదా, ఎండ్రకాయదా అన్నది కన్నం అంచు చూసి చెప్పేవాడు. ఎలుకలంటే ఆయనకి ఎంత కోపమంటే, వాటిని తిట్టే తిట్లు వింటూ మా ఆడవాళ్లు చెవులు మూసుకునేవారు. గట్టు ఎక్కేముందు చెప్పులు విప్పి చంకలో పెట్టుకునేవాడు. ఒక దీపావళికి కూతురు కొత్త చెప్పులు కొనిస్తే అవీ చంకలోనే తిరిగాయి. ఒకసారి నేను ఉండబట్టలేక, గట్టంటే అంత భక్తా మావా అని అడిగాను.

"బక్తేటి కోడలా. కంటికి తెలీనిది అరికాలికి తెలుత్తాది. ఎండలో గట్టంతా ఎచ్చగుండాల. ఒక్కకాడ సల్లగా తగిలినాదంటే ఆడ లోపల నీరు నడుత్తన్నట్టు" అని, నా కాళ్ల వైపు చూసి, "నీ జోల్లు ఇప్పి సూడు" అన్నాడు. విప్పి నడిచాను. నాకు చల్లదనమూ తెలియలేదు, వెచ్చదనమూ తెలియలేదు, పల్లేరుకాయ మాత్రం గుచ్చుకుంది. ఆయన కూర్చుని నా అరికాల్లోంచి ముల్లు తీసి, "రైల్వే కాల్లు" అన్నాడు నవ్వుతూ.

గట్టు మీద చెట్టు మొలవనిచ్చేవాడు కాదు. వేపమొక్క, రావిమొక్క, మునగ ఏదైనా సరే రెండాకుల మీదుండగానే పీకేసేవాడు. మొక్క చచ్చాక దాని వేరు లోపల కుళ్లి గొట్టమవుతుందనీ, నీటికి అదే దారి అవుతుందనీ అనేవాడు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా ఎందుకు అనేవాడు. గరిక మాత్రం ప్రాణం. గరిక వేళ్లు మట్టిని పట్టుకుంటాయట. వినాయకచవితి నాడు పత్రికి ఆడవాళ్లు గట్టెక్కితే ఆయన ముందే అక్కడ నిలబడి ఉండేవాడు.

"కొయ్యండి, పీక్కండి! ఏరుతో రాకూడదు!"

"దేవుడికెట్టే గరిక్కి నీ పర్మిషనేటి?" అని మా అత్తగారు గదమాయించేది.

"దేవుడు ఏరు అడగలేదు వదినా, ఆకే అడిగినాడు" అనేవాడు. వాళ్లిద్దరికీ ఏటా అదే తగువు. తగువయ్యాక ఆవిడే ఉండ్రాళ్లు పంపేది.

కార్తీకంలో సూర్యుడికి మొక్కే ఛఠ్ పండగకి బీహారీలు నాలాలోకి దిగడానికి గట్టుని మెట్లుగా చెక్కేసేవారు. ఒక ఏడు ఆయన వాళ్ల పెద్దని పట్టుకుని, మన యాస హిందీలో "పూజా కరో భయ్యా, మట్టీ మత్ కాటో" అని, మట్టి మాత్రం కొయ్యొద్దని బతిమాలి, మర్నాడు ఇసుక బస్తాలు తనే మోసుకొచ్చి వాళ్లకి మెట్లు కట్టిపెట్టాడు. వాళ్లకి ఎంత నచ్చిందంటే, తర్వాత నుంచి ఛఠ్ ప్రసాదం ఠేకువా మొదట ఆయనకే వచ్చేది. బీహారీలని ఒప్పించాడు. సొంత ఊరివాళ్లం, మమ్మల్ని ఒప్పించలేకపోయాడు.

ఈ ఉక్కు ఊళ్లో అన్నీ దొరుకుతాయి గానీ పుట్ట దొరకదు. నాగులచవితి వచ్చిందంటే మా ఆడవాళ్లకి దిగులే. కొందరు జుగ్సలాయి గోదాముల వెనక ఖాళీస్థలంలో ఎత్తుగా ఉన్న మట్టికుప్పకి పాలు పోసి వచ్చేవారు. కొందరు ఇంట్లోనే రాగి పాముకి పోసుకునేవారు. అలాంటిది, ఒక కార్తీకంలో మా గట్టు వంపు తిరిగేచోట నిజమైన పుట్ట లేచి కనిపించింది. అంతకుముందు మూడు నెలలు గట్టాయన బస్తీలో లేడు. వంతెన అవతల మాంగో పేటలో కూతురికి పురుడు, తల్లి లేని పిల్ల, అందుకని అక్కడే ఉండిపోయాడు. ఆయనుంటే అది బొటనవేలంత ఉన్నప్పుడే పోయేది. ఆయన తిరిగొచ్చేసరికి దానికి పసుపు, కుంకుమ, పైన ఎర్రగుడ్డ వచ్చేశాయి.

నాకు అప్పటికి రెండుసార్లు కడుపు పోయింది. ఆ చవితికి మా అత్తగారు నన్ను తీసుకెళ్లి పాలు పోయించి, పుట్టమన్ను తడిపి నా చెవులకి రాసి, కాస్త పొట్టకీ రాసింది. మరుసటి చవితికి నా ఒళ్లో పిల్ల ఉంది. ఇంక చెప్పేదేముంది! సోనారి నుంచి స్కూటర్ల మీద, మాంగో నుంచి ఆటోల్లో తెలుగు ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు. చెవిలో చీము కారే పిల్లలు, మాటలు రాని పిల్లలు, పిల్లల్లేనివాళ్లు. వచ్చిన ప్రతివాళ్లకీ మా అత్తగారు నా పిల్లని చూపించేది. నేను పక్కన నిలబడి పొంగిపోయేదాన్ని, అబద్ధమెందుకు చెప్పాలి.

ఆయన దూరంగా గొంతుక్కూర్చుని చూసేవాడు. అందరూ వెళ్లాక వచ్చి, పుట్ట మొదట్లో తడిసిన మట్టిని వేళ్లతో నలిపి చూసేవాడు. "పాముల్లేవు కోడలా, సెదలున్నాయి" అనేవాడు నాతో. "సెదలు గట్టు లోపలంతా వీదులు ఏసీసుకుంటాయి. అవి నీటికి వీదులే." ఏటా ఒకసారి అడిగేవాడు తవ్వేద్దామని. ఏటా ఆడవాళ్లు దులిపేసేవారు. పుట్ట నా గుండెల దాకా పెరిగింది.

పిల్లకి ఆరో ఏడు నడుస్తుండగా, జ్యేష్ఠమాసంలో ఒక మధ్యాహ్నం మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. మా అత్తగారు ఎవరింటికో వెళ్లింది. పిల్ల నా పక్కన కూర్చుని ఏబీసీడీలు రాసుకుంటోంది.

"కోడలా, పుట్ట ఇవతల నేల తేమగా ఉన్నాది. నాలాలో నీరు మోకాలు లేదు. అప్పుడే ఇటు దిగుతాంది" అన్నాడు.

నేను పిల్లని దగ్గరికి లాక్కున్నాను.

"వానలు పడకముందే తవ్వీసి, మల్లీ మట్టేసి దిమ్మిసా కొట్టీయాల. నువ్వు సదువుకున్నదానివి. ఆ పుట్ట పెట్టిన పిల్ల నీకాడుంది. నువ్వు ఊ అంటే ఆడోల్లు ఇంకేటనరు. ఊరికే తవ్వొద్దు. పాలు పోసి, దన్నం పెట్టి, పైమట్టి బుట్టలోకెత్తి పంపుహౌసు ఎనక మెరకన పెడదాం. ఆడ పూజ సేసుకోండి. నానే మోత్తాను, నెత్తినెట్టుకుని మోత్తాను."

ఇప్పుడు ఆలోచిస్తే అంతకంటే మర్యాదగా ఎవరు అడుగుతారు! కానీ ఆ నిమిషాన నాకు ఆ మర్యాద కనపడలేదు. పిల్లకి ఆ వారమే జ్వరం వచ్చి తగ్గింది. పుట్ట మీద గునపం పడితే దీనికేమైనా అవుతుందని తప్ప నాకు ఇంకో ఆలోచన లేదు.

"నా పిల్ల ఆ పుట్ట పెట్టిన బిచ్చ మావా. తవ్వితే దీనికేటైనా అయితే తెచ్చిత్తావేటి?"

"అలగనకు."

"మేం లేనప్పుడు నువ్వు తవ్వీయవని నమ్మకమేటి? ఒట్టెయ్యి. దీని తలమీద ఒట్టెయ్యి, పుట్టని ముట్టుకోనని."

ఆయన మొహం పాలిపోయింది. పిల్ల తలమీద ఒట్టు వేయమని అడగడం ఎంత నీచమో నాకు తెలుసు. తెలిసే అడిగాను, మరో ఒట్టయితే ఆయన తప్పుతాడేమోనని. నేనే ఆయన చెయ్యి పట్టి లాగాను. ఒకసారి వెనక్కి తీసుకున్నాడు. పిల్ల తల ఎత్తి ఆయన్ని చూసి నవ్వింది. అప్పుడు పెట్టాడు. మట్టి పగుళ్లు పడిన ఆ పెద్ద చెయ్యి దాని రెండు పిలకల మధ్య కాసేపు ఉంది.

"ఏసీసినాను. ముట్టను" అన్నాడు. గుమ్మం దిగాక మళ్లీ తిరిగి, "నీల్లకి ఒట్టుల్లేవు కోడలా" అన్నాడు. కోపంగా అనలేదు, నాకు తెలియదేమోనని చెబుతున్నట్టు అన్నాడు.

ఆ ఏడు వానలు మొదలయ్యాక ఆయన కాపురం పుట్ట దగ్గరే. విరిగిన గొడుగు, కింద గోనెపట్టా. చువ్వ మాత్రం అటు తాకనివ్వలేదు, నేను రోజూ చూసేదాన్ని. పుట్టకి జానెడు దూరంలో ఇవతలివైపు ఇసుక బస్తాలు పేర్చుకుంటూ ఉండేవాడు. ఒట్టులో బస్తాల మాట లేదు కదా. మా ఆయన చూసి, ముసలాయనకి పుట్ట మీద భక్తి కుదిరిందే అని నవ్వాడు. నేనూ నవ్వాను.

శ్రావణంలో మూడు రోజులు వాన వదలకుండా కురిసింది. పైన గేట్లు ఎత్తుతున్నారని జీపులో మైకు పెట్టి చెప్పిపోయారు. మూడో రోజు పొద్దున్న పది గంటలకి నేను ఆయనకి గ్లాసులో టీ పట్టుకెళ్లాను. నాలా నీరు గట్టు అంచుకి రెండు బెత్తెల కిందుగా ఉంది. ఆయన ఇవతలివైపు, బస్తాల దగ్గర బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. బస్తాల సందులోంచి నీరు ఉబుకుతోంది. దోసిట్లో పట్టి నాకు చూపించాడు. ఎర్రగా, చిక్కగా ఉంది.

ఆ ఎరుపేమిటో నాకు తెలుసు, ఆయనే ఎన్నోసార్లు చెప్పాడు. తేటనీరు వస్తే గట్టుకి చెమట పట్టినట్టు, మట్టినీరు వస్తే గట్టు రక్తం కక్కుతున్నట్టు అని. నేను గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నన్ను ఒక్క మాట అనలేదు. "పిల్లని తీసుకుని ఎల్లు. బేగెల్లు" అన్నాడంతే.

ఇనప తట్ట మీద చువ్వతో బాదుకుంటూ సందు సందునా తిరిగాడు. తెలుగులో, హిందీలో, వచ్చిన నాలుగు ఒడియా ముక్కల్లో అరిచాడు. రోడ్డు మీది స్కూలుకి అందర్నీ తోలాడు. మంచం మీదున్న పక్షవాతం మనిషిని మంచంతో సహా మోయించాడు. మేం స్కూలు అరుగు మీద నుంచి చూస్తుండగానే పుట్ట ఒక పక్కకి ఒరిగింది. ఎర్రగుడ్డ ముందు కొట్టుకుపోయింది. తర్వాత పుట్ట ఉన్నచోట తలుపంత ఖాళీ, చూస్తుండగా వీధంత ఖాళీ. నీళ్లు మా ఇళ్ల కిటికీల దాకా వచ్చాయి. మనిషన్నవాడు ఎవడూ పోలేదు. ఆయన వల్ల పోలేదు.

కానీ సామాను పోయింది. మా అత్తగారి ట్రంకుపెట్టె, బియ్యం, మంచాలు, సర్టిఫికెట్లు, ఒకళ్ల కుట్టుమిషను. మర్నాడు స్కూలు గదిలో ఖిచిడీ ప్లేట్లు పట్టుకుని కూర్చుంటే ఏడుపు కాస్తా కోపంగా తిరిగింది. గట్టు పుట్ట దగ్గరే ఎందుకు తెగింది? ఏళ్లతరబడి నిలబడిన గట్టు ఇప్పుడే ఎందుకు తెగింది? ఎవరో అన్నారు, ఆ చువ్వ చూడలేదా అని. మిగతాది మా అత్తగారే పూర్తిచేసింది.

"ఆ సువ్వెట్టి పొడిసీసినాడు. నాగులకి పగొచ్చీసినాది. తవ్వుతానని ఏటేటా అన్నాడా లేదా? మనం ఒప్పలేదని దొంగతనంగా పొడిసీసినాడు!"

గదంతా అవునంటే అవునంది. ఆయన గుమ్మం దగ్గర తడిబట్టలతోనే కూర్చుని ఉన్నాడు. తల ఎత్తి గదిలో వెతికి నా వైపు చూశాడు, ఒక్కసారే. నా ఒళ్లో పిల్ల పడుకుని ఉంది. నేను ఖిచిడీలోకి చూశాను.

ఎందుకు నోరు విప్పలేదని నన్ను నేను లెక్కలేనన్నిసార్లు అడిగాను. అత్తగారి భయం ఉంది. ఇల్లు మునిగినవాళ్లంతా నా మీద పడతారన్న భయం ఉంది. వాటికంటే పెద్దది ఇంకోటుంది. ఆయన ముట్టలేదని చెబితే, అది చెదలు తొలిచిన మట్టిదిబ్బేనని నా నోటితో నేను ఒప్పుకున్నట్టు. మరి నా పిల్ల ఎవరి బిచ్చ? ఆ ప్రశ్నకి జవాబు లేకపోతే పిల్ల ఉండదేమో అన్నంత పిచ్చిభయం నాది.

నేను తల దించాక ఆయన అన్నాడు, "గట్టు సూసుకునీవోడిని నాను. తెగిపోనాది. తప్పు నాదే" అని. అదే ఒప్పుకోలు కింద జమకట్టేశారు. ఆ తర్వాత ఎవరూ ఆయన పక్కన కూర్చుని తినలేదు. నీళ్లు తీశాక కూతురు వచ్చి మాంగో తీసుకుపోయింది. మేమూ సోనారిలో అద్దెకి మారిపోయాం. గట్టుని తర్వాత రాళ్లు పేర్చి, మిషన్లతో కట్టారు. బాగానే కట్టారంటారు. దాని మీద ఎవరూ నడవరు.

రెండేళ్ల తర్వాత మాంగో మార్కెట్లో కనిపించాడు. తోటకూర బేరమాడుతున్నాడు. బాగా వంగిపోయాడు. నేను తప్పుకుందామనుకునేలోపే "కోడలా!" అని పిలిచేశాడు. ఆ పిలుపులో ఏ మార్పూ లేదు.

"పిల్ల ఏటి సదువుతాంది?"

చెప్పాను. "తెలుగు మాటాడతాదా?" అన్నాడు. హిందీలోనే జవాబిస్తుందన్నాను. "ఆడపిల్ల నోరు ఏదైతే ఏటి, గట్టిగుండాల" అని నవ్వాడు. గట్టు మీద గరిక ఎలా ఉందని అడిగాడు. రాళ్లు వేసేశారు మావా, గరిక లేదన్నాను. తల ఊపాడు.

"మావా, ఆ రోజు స్కూల్లో నేను..." అన్నాను.

"ఎత్తకు" అన్నాడు వెంటనే, చుట్టూ చూసి. "ఆ మాట ఎవులికీ సెప్పకు. సెప్తే మద్దిలో పిల్ల పేరొత్తాది. దాని తలమీద ఒట్టు వల్ల ఊరు మునిగినాదంటారు. రేపు పెల్లి సెయ్యాల్సిన పిల్ల. సిన్న గుంట, దానికేటి తెలుసు పాపం."

నాకు కావలసింది కూడా అదేనని ఆయనకి తెలుసో లేదో. నేను తల ఊపేశాను. బరువు దిగినట్టే ఆటో ఎక్కాను, చూడండి. తోటకూర కట్టల్లో ఒకటి నా సంచిలో పడేశాడు. ఆ తర్వాత ఐదేళ్లు ఆ వైపు వెళ్లలేదు. నదికి అవతలే కదా మాంగో, వంతెన దాటితే చాలు.

ఇప్పుడు, ఆయన పోయిన పన్నెండో రోజుకి వెళ్లాను. చిన్న ఇల్లు. పటానికి బంతిపూల దండ. బస్తీ నుంచి వచ్చినవాళ్లు ఇద్దరే, వాళ్లూ బీహారీలు. ఆయన కూతురు నన్ను చూసి "అక్కా, వచ్చినావా. బోజనం సేసి ఎల్లాల, ఎల్లిపోకు" అని చాప వేసింది. అందరి విస్తళ్లూ వేస్తుండగా వచ్చి నా పక్కన కూర్చుంది. మొహం పీక్కుపోయి ఉంది.

"అక్కా, ఒకటడుగుతాను. నువ్వు ఆ వీదిలో ఉన్నదానివి, నిజం సెప్పు. మా నాన నిజంగా పుట్టని పొడిసినాడేటి?"

ఆయన కూతురికి కూడా చెప్పలేదు. అది నాకు ఆ నిమిషందాకా తట్టనే లేదు. ఎవరికీ చెప్పకు అని నాతో అన్నవాడు తనకి మినహాయింపు ఇచ్చుకున్నాడనే అనుకున్నాను.

చెప్పాను. ఆ మధ్యాహ్నం నుంచి ఖిచిడీ ప్లేటు దాకా, మార్కెట్టు దాకా, ఏదీ దాచకుండా చెప్పాను. పిల్ల పేరు రాకూడదన్న ఆయన మాటా దాటేశాను. ఆమె చాప ఈనెలు పీకుతూ కూర్చుంది. నేను ఆపాక అంది.

"నాను నమ్మీసినాను అక్కా. అందరూ అంటే నాను నమ్మీసినాను. పాపం సేసినాడు, నా పిల్లలకి తగులుతాదేమోనని... ఈ వీది సివర పుట్టొకటి ఉన్నాది. ప్రతి సవితికీ నానని ఆడకి తీసుకెల్లీదాన్ని. తప్పయిపోనాదని సెంపలేసుకో నానా, అనీదాన్ని. అందరి ముందూ."

నేను అడగకముందే ఆమే చెప్పింది.

"ఏసుకునీవోడు. పోయిన కార్తీకంలో కాల్లు నిలవలేదు. ఆటోలో ఎక్కించి మరీ తీసుకెల్లినాను. కూకునే ఏసుకున్నాడు. గట్టిగా ఏసుకో అన్నాను అక్కా. నానే అన్నాను."

లోపల ఎవరో వడ్డించమంటారా అని కేకేశారు. ఆమె లేచి, నా ముందు వేసిన విస్తరి తీసి మడిచింది.

"నువ్వెల్లిపో అక్కా" అంది.

నేను లేచి వచ్చేశాను.